పంపిన ఉత్తరం చేరిందా? — మన సంఘం ఈమెయిళ్ళ సంగతి

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యాలయ బాధ్యులు చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మనం జమాఖర్చులు, విద్యార్థి సహాయం, కుట్టు శిక్షణ, వైద్య శిబిరం, వీటిని గురించి మాట్లాడుకొంటాము. ఈసారి కార్యవర్గంవారు మాకు అప్పగించిన విషయం కొందరికి వింతగా తోచవచ్చు. కార్యాలయం నుండి పోయే ఈమెయిళ్ళు కొందరికి ఆలస్యంగా అందుతున్నాయి, కొందరికి అసలే అందటం లేదు. దీనికి కారణమేమిటి, మేము ఏ దారి వెతుక్కొన్నాము, ఇదే కష్టం మీ ఇంట్లోనో, మీ దుకాణంలోనో వస్తే ఏం చేయాలి అన్నది అందరికీ అర్థమయ్యేట్టు చెప్పమన్నారు. "కంప్యూటరు సంగతులు మాకెందుకు, అవి కుర్రవాళ్ళు చూసుకొంటారు" అని పెద్దలు అనుకోవద్దని మనవి. ఇది కంప్యూటరు సంగతి కంటే ఎక్కువగా ఉత్తరం సంగతి. ఉత్తరం విలువ పెద్దలకు తెలిసినంతగా కుర్రవాళ్ళకు తెలియదు.

ముందుగా జరిగిన విషయం చెబుతాము. విద్యార్థి సహాయానికి దరఖాస్తు చేసుకొన్న పిల్లల ఇళ్ళకు, శనివారం సాయంత్రంలోగా మార్కుల జాబితా, ఫీజు రసీదు తెచ్చి చూపించవలసిందని ఒక సోమవారం ఉదయం మెయిలు పంపాము. చిరునామాలన్నీ సరిచూసినవే. కంప్యూటరు మీద అన్నింటికీ "పంపబడినది" అనే చూపింది. కొందరికి ఆ పూటే అందింది. కొందరికి బుధవారం అందింది. నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి ఇంటికి పోయిన మెయిలు శనివారం ఉదయం మాకే తిరిగి వచ్చింది, "ఐదు రోజులు ప్రయత్నించాము, చేర్చలేకపోయాము" అన్న చీటీతో. అప్పటికప్పుడు ఫోను చేస్తే, ఆ అమ్మాయి తల్లి ఆటో ఎక్కి కాగితాలు పట్టుకొని సాయంత్రంలోపు వచ్చింది. పని జరిగింది. ఇంకొక విద్యార్థికి మాత్రం మెయిలు అందనూ లేదు, మాకు తిరిగి రానూ లేదు. అతని సంగతి మాకు తెలిసేసరికి ఆ విడత సహాయం పంపిణీ అయిపోయింది. ఆ కుర్రవాడి తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. మరుసటి విడతలో అతనికి ఇవ్వగలిగాము గాని, ఆ వడ్డీని తిరిగి ఇచ్చేవారెవరు?

అందుచేత మేము దీని మూలం వెతకటం మొదలుపెట్టాము. కార్యాలయానికి ఇంటర్‌నెట్ ఇచ్చే కంపెనీ తన ఖాతాదారులు మెయిళ్ళు పంపుకోవటానికి ఒక సర్వరు పెట్టింది. మన మెయిళ్ళన్నీ దాని ద్వారానే పోతూ వచ్చాయి. చిక్కంతా అక్కడే ఉన్నదని తేలింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ చెప్పబోవటం లేదు. చెప్పినందువల్ల మీకు లాభమూ లేదు. ఇట్లాంటి కష్టం ఒక్క కంపెనీతో పోయేది కాదు గనుక, దాని స్వభావం తెలుసుకోవటం ముఖ్యం.

ఈమెయిలు ఎట్లా పోతుందో రెండు మాటల్లో చూద్దాము. ఒక కంప్యూటరు నుండి ఇంకొక కంప్యూటరుకు నెట్‌వర్కు మీద ఉత్తరం పంపే పద్ధతిని 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు నడిపి చూపాడు. చిరునామా మధ్యలో పెట్టే "ఎట్" గుర్తు ఆయన ఎంచుకొన్నదే. ఉత్తరాలు ఒక సర్వరు నుండి ఇంకొక సర్వరుకు ఎట్లా అప్పగించుకోవాలన్న నియమాలను 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసి ప్రకటించాడు. దానినే ఎస్.ఎమ్.టి.పి. అంటారు. ఎన్నో మార్పులు జరిగినా, ఈనాటికీ మెయిళ్ళు నడిచేది ఆ పద్ధతి మీదనే. మన దేశంలో సామాన్యులకు ఇంటర్‌నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. అంటే మనం ఆ బండి ఎక్కేనాటికే దాని పట్టాలు వేసి పదమూడేళ్ళయింది.

మీరు మెయిలు రాసి "పంపు" నొక్కగానే అది నేరుగా అవతలివారి ఇంటికి పోదు. మొదట మీ తరఫున పంపే సర్వరుకు పోతుంది. దీనిని మన వీధి తపాలా డబ్బా అనుకోండి. ఆ సర్వరు అవతలివారి సర్వరును వెతికి పట్టుకొని అప్పగిస్తుంది. అక్కడి నుండి వారి పెట్టెలోకి పోతుంది. ప్రతి చోటా తీసుకొన్న సర్వరు "250" అని ఒక అంకె చెబుతుంది. "నేను తీసుకొన్నాను, ఇకమీదట బాధ్యత నాది" అని ఆ అంకెకు అర్థం. మన కంప్యూటరు "పంపబడినది" అని చూపేది మొదటి సర్వరు 250 అన్నప్పుడే. అనగా డబ్బాలో పడిందనే గాని, ఇంటికి చేరిందని కాదు. ఈ తేడా ఒక్కటి బాగా మనసులో పెట్టుకొంటే, ఈ ప్రసంగంలో సగం మీకు అర్థమయినట్టే.

మరి, బాధ్యత తీసుకొన్న ఆ సర్వరు ఎందుకు చేర్చలేకపోతుంది? వేలమంది ఖాతాదారులు ఒకే సర్వరు వాడతారు. వారిలో ఎవరో ఒకరి కంప్యూటరుకు వైరసు పట్టి, వారికే తెలియకుండా వేలకొద్దీ పనికిరాని ప్రకటనలు పంపిస్తుంది. ఈ పీడ కొత్తది కాదు. 1978 మే నెలలోనే ఒక అమెరికన్ కంప్యూటరు కంపెనీ ఉద్యోగి ఆనాటి నెట్‌వర్కులో దాదాపు 400 మందికి తన సరుకు ప్రకటన పంపాడు. దానినే మొట్టమొదటి స్పామ్‌గా చెప్పుకొంటారు. ఇప్పుడు అది ఎంత పెరిగిందంటే, ప్రతి సర్వరూ అనుమానంతోనే తలుపు తీస్తుంది. చెడ్డ మెయిళ్ళు పంపిన సర్వర్ల అంకెలతో నల్లజాబితాలు కట్టేవారున్నారు. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ వాటిలో పేరున్నది. మన కంపెనీ సర్వరు అంకె అటువంటి జాబితాలోకి ఎక్కిందంటే, ఒక్కడు చేసిన పనికి బజారంతటికీ చెడ్డపేరు వచ్చినట్టు, మన మంచి మెయిలు కూడా తలుపు బయటే ఆగుతుంది.

ఇంకొక రకం జాప్యమున్నది. కొన్ని సర్వర్లు తెలియని చోటు నుండి మొదటిసారి వచ్చిన మెయిలును "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని తిప్పి పంపుతాయి. దీనిని గ్రేలిస్టింగ్ అంటారు, 2003 నుండి వాడుకలో ఉన్నది. నిజమైన సర్వరు మళ్ళీ వస్తుంది, స్పామ్ పంపేవాడు సాధారణంగా రాడు అని దాని లెక్క. కాని పంపే కంపెనీకి పదో పదిహేనో సర్వర్లుండి, ప్రతిసారీ వేరే సర్వరు నుండి ప్రయత్నించిందనుకోండి. అవతలివారికి ప్రతిసారీ కొత్త మొహమే కనబడుతుంది. అట్లా నిమిషాల్లో పోవలసినది గంటలు పడుతుంది.

మనకు నష్టం చేసిన అసలు విషయం ఇంకొకటి. అవతలి సర్వరు తీసుకోకపోతే, మెయిలు పంపే సర్వరు వరుసలో నిలబడుతుంది. ఎంత కాలం? కనీసం 4, 5 రోజులు ప్రయత్నించి గాని వదలిపెట్టకూడదని నియమాల్లోనే రాసి ఉన్నది. సర్వర్లు ఎప్పుడైనా చెడిపోతాయి గనుక, తొందరపడి ఉత్తరం పారవేయకూడదని ఆ నియమం మంచి మనసుతోనే పెట్టారు. కాని సోమవారం పంపిన ఉత్తరంలో శనివారం గడువు ఉంటే, "చేరలేదు" అన్న కబురు శనివారానికి వస్తే ఏం లాభం? మధ్యలో "ఇంకా పోలేదు, ప్రయత్నిస్తున్నాము" అని హెచ్చరించే ఏర్పాటు ఉన్నది. దానిని పెట్టుకోవటం, మానటం సర్వరు నడిపేవారి ఇష్టం. మనకు మెయిలు సర్వరు ఇచ్చిన కంపెనీవారు దానిని పెట్టలేదు.

ఇక ఉపాయాలు చెప్పవలసి ఉన్నది. వాటికంటే ముందు, ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. డాక్టరు నాడి చూడకుండా మందు ఇవ్వడు గదా.

ప్రతి మెయిలు వెనుక, మామూలుగా కనబడని కొన్ని పంక్తులుంటాయి. జీమెయిల్‌లో మెయిలు తెరచి, పక్కన మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" అన్నది ఎంచుకొంటే కనబడతాయి. అందులో "రిసీవ్డ్" అని మొదలయ్యే పంక్తులు, దారిలోని ఒక్కొక్క తపాలా ఆఫీసు వేసిన ముద్రలవంటివి. వాటిని కింది నుండి పైకి చదవాలి. అన్నిటికంటే కిందిది మొదటి ముద్ర. ప్రతి ముద్రలో టైము ఉంటుంది. మన దేశపు టైము అయితే చివర ప్లస్ 0530 అని ఉంటుంది. వేరే దేశపు సర్వరు వేసిన ముద్ర అయితే ఆ టైమును మన టైముకు మార్చి చూడాలి. మేము మా కార్యకర్తల్లో నలుగురి సొంత చిరునామాలకు ఒక వారం రోజులు ప్రతి ఉదయం పరీక్ష మెయిలు పంపి ఈ ముద్రలు చదివాము. మన కంప్యూటరు నుండి కంపెనీ సర్వరుకు పోవటానికి రెండు మూడు సెకన్లు. అక్కడి నుండి అవతలి సర్వరుకు పోవటానికి ఒక రోజు 5 గంటలు, ఒక రోజు 20 నిమిషాలు, ఒక రోజు ఒకటిన్నర రోజు. జబ్బు ఎక్కడున్నదో దీనితో తేలిపోయింది.

తిరిగి వచ్చిన మెయిలులో అంకెలుంటాయి. వాటిని కూడా చూడండి. 4తో మొదలయితే తాత్కాలికమైన అడ్డు, మళ్ళీ ప్రయత్నిస్తారని అర్థం. 5తో మొదలయితే ఖాయంగా కాదన్నారని. 550 అంటే చాలాసార్లు అట్లాంటి చిరునామా లేదనో, మిమ్మల్ని రానీయమనో ఉంటుంది. పక్కనే ఇంగ్లీషులో కారణం రాసి ఉంటుంది. పిల్లలచేత చదివించుకోండి. చదవకుండా తీసివేయవద్దు.

మొదటి ఉపాయం: పోయే దారి మార్చటం. ఇంటర్‌నెట్ కనెక్షన్ ఎవరిదైనా, మెయిలు పంపే సర్వరు కూడా వారిదే కావాలన్న నిబంధన లేదు. రోడ్డు ఒకరిది, బస్సు ఇంకొకరిది కావచ్చు. సర్వర్లు తమలో తాము మాట్లాడుకొనే దారికి 25వ నెంబరు పోర్టు అని పేరు. స్పామ్ బాధ మూలంగా చాలా కంపెనీలు ఇళ్ళ కనెక్షన్ల నుండి ఆ 25ను మూసివేస్తాయి. అది న్యాయమే. అందుకని ఖాతాదారులు పేరు, పాస్‌వర్డు చెప్పి మెయిలు అప్పగించటానికి 587వ నెంబరు పోర్టును 1998 డిసెంబరులో ప్రత్యేకించారు. 465వ నెంబరు ఇంకొకటి ఉన్నది. మొదటి నుండే తాళం వేసిన దారి గనుక, దానిని వాడటం మేలని 2018 జనవరిలో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. కాబట్టి మీ కంప్యూటరులో మెయిలు పంపే ప్రోగ్రాము తెరచి, "అవుట్‌గోయింగ్ సర్వర్" అన్నచోట ఇంటర్‌నెట్ కంపెనీ సర్వరు పేరు తీసివేసి, మీ మెయిలు ఖాతా ఎవరి దగ్గర ఉన్నదో వారి సర్వరు పేరు పెట్టి, 587 గాని 465 గాని వేసి, పేరు, పాస్‌వర్డు ఇవ్వండి. పది నిమిషాల పని. చాలామందికి దీనితోనే కష్టం తీరిపోతుంది.

జీమెయిల్ వాడేవారికి ఒక సూచన. మామూలు పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాముల నుండి పంపటాన్ని వారు సొంత ఖాతాలకు 2022 మే ఆఖరులో ఆపివేశారు. ప్రోగ్రాము కొత్తదయితే గూగుల్ లాగిన్ కిటికీ తానే తెరచుకొంటుంది. పాతదయితే, రెండంచెల తనిఖీ పెట్టుకొని, "యాప్ పాస్‌వర్డు" అని విడిగా ఒకటి తీసుకోవాలి. అది 16 అక్షరాలుంటుంది. దానిని కాగితం మీద రాసి గోడకు అంటించవద్దు. ఇంటి తాళంచెవి ఎట్లా దాచుకొంటామో అట్లా దాచుకోవాలి.

రెండవ ఉపాయం: కవరు మీద పేరు, లోపలి పేరు కలవటం. ఒకరి పేరుతో ఇంకొకరు మెయిలు పంపే మోసాలు పెరిగినందున, ఇప్పటి సర్వర్లు మూడు పరీక్షలు చేస్తాయి. ఒకటి ఎస్.పి.ఎఫ్. "మా సంస్థ పేరుతో ఈ సర్వర్లు మాత్రమే పంపుతాయి" అని డొమైన్ సొంతదారు నలుగురూ చూసేట్టు రాసిపెట్టే ప్రకటన అది. రెండవది డి.కె.ఐ.ఎమ్. అది ఉత్తరం మీద వేసే సీలువంటిది, మధ్యలో ఎవరైనా మార్చితే సీలు చెడిపోతుంది. మూడవది డి.మార్క్. పై రెండింటిలో కనీసం ఒకటి, లోపల కనబడే పంపినవారి పేరుతో సరిపోవాలని, సరిపోకపోతే ఏం చేయాలో కూడా ఇది చెబుతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూవారు తమ పేరుతో బయటి సర్వర్ల నుండి వచ్చే మెయిళ్ళను తిప్పికొట్టండని ప్రకటించారు. అప్పటి నుండి యాహూ చిరునామా పెట్టుకొని ఇంటర్‌నెట్ కంపెనీ సర్వరు ద్వారా పంపేవారి మెయిళ్ళు ఎన్నోచోట్ల నిరాకరణకు గురయ్యాయి. వారి చిరునామా నిజమైనదే, మనిషీ నిజమే, కాని వచ్చిన దారి వేరు. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్‌వారు కూడా నియమాలు బిగించారు. తమకు మెయిలు పంపే ప్రతివారికీ ఎస్.పి.ఎఫ్. గాని డి.కె.ఐ.ఎమ్. గాని ఉండాలన్నారు. రోజుకు 5,000కు పైగా పంపేవారికయితే మూడూ ఉండాలన్నారు.

మన సంఘానికి సొంత డొమైన్ పేరున్నది గనుక ఈ ప్రకటనలు రాయించాము. ఇతర సంఘాలవారు, దుకాణదారులు రాయించుకొనేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక డొమైన్‌కు ఎస్.పి.ఎఫ్. ప్రకటన ఒక్కటే ఉండాలి. పాతది తీయకుండా రెండవది పక్కన పెడితే రెండూ చెల్లవు. సర్వరు మార్చినప్పుడల్లా ఆ ఒక్క పంక్తినే దిద్దుకోవాలి.

మూడవ ఉపాయం: ఒకేసారి గుంపుగా పంపకపోవటం. ఉచిత జీమెయిల్ ఖాతా నుండి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. ఒకే మెయిలులో వందలమంది పేర్లు పెడితే సర్వర్లకు అనుమానం వస్తుంది. పైగా అందరి చిరునామాలు అందరికీ కనబడతాయి. మన ఆడపిల్లల చిరునామాలు ముక్కూ మొహం తెలియనివారి చేతికి ఎందుకు పోవాలి? అందువలన ఒక్కొక్కరి పేరున విడిగా, కొద్దికొద్దిగా పంపుతున్నాము. బొమ్మలు, ఫారాలు జతచేయటం కూడా తగ్గించాము. చాలాచోట్ల మెయిలు బరువు 25 ఎమ్.బి. దాటకూడదు. జతచేసిన ఫైలు ప్రయాణంలో దాదాపు మూడో వంతు బరువెక్కుతుంది గనుక, 20 ఎమ్.బి. ఫైలు కూడా అక్కడ చిక్కుకోవచ్చు. ఫారం నాలుగు పేజీలయితే చాలా చిన్నదిగా చేసి పంపవచ్చు.

కార్యాలయం కంప్యూటరు చూసే మన కుర్రవాళ్ళకు ఇంకొక మాట. పోస్ట్‌ఫిక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. వీట్సె వెనెమా అనే శాస్త్రవేత్త రాసినది, 1998 నుండి అందరికీ అందుబాటులో ఉన్నది. దానిని మన కంప్యూటరులోనే పెట్టి, "నీవు స్వయంగా లోకమంతా తిరగవద్దు, అన్నీ ఫలానా సర్వరుకు 587 ద్వారా అప్పగించు" అని చెప్పవచ్చు. దాని వలన లాభమేమిటంటే, ఏ మెయిలు ఎప్పుడు ఎవరికి అప్పగించినదీ, వారు ఏమన్నదీ, ప్రతి ఒక్కటీ మన దగ్గరే చిట్టాగా ఉంటుంది. ఆ సర్వరు పలకకపోతే మెయిలు మన కళ్ళ ముందే వరుసలో ఉంటుంది. అందులో వరుస గడువు 5 రోజులుగా ఉంటుంది. ఆలస్యం హెచ్చరిక మనం పెడితేగాని రాదు. మేము హెచ్చరిక 4 గంటలకు, గడువు ఒక రోజుకు పెట్టించాము. అయితే మన కంప్యూటరు నుండి మెయిలును నేరుగా అవతలివారి సర్వరుకు తీసుకుపోదామని మాత్రం చూడవద్దు. ఇళ్ళకు, చిన్న ఆఫీసులకు ఇచ్చే అంకెలు తరచు మారతాయి. అటువంటి అంకెల నుండి నేరుగా వచ్చే మెయిలును తీసుకోవద్దని చెప్పే జాబితాలే ఉన్నాయి. ఒక కష్టం తప్పించుకోబోయి ఇంకొక కష్టంలో పడతాము.

ఇవన్నీ చేసిన తరువాత ఫలితమేమిటని అడుగుతారు. పరీక్ష మెయిళ్ళు ఇప్పుడు నిమిషం లోపల చేరుతున్నాయి. తిరిగి వచ్చేవి అదేరోజు వస్తున్నాయి. ఖర్చు డొమైన్ రుసుము, మెయిలు ఖాతా రుసుము తప్ప వేరే లేదు. ఇంటర్‌నెట్ కనెక్షన్ అదే కంపెనీది. దానిని మార్చనవసరం రాలేదు.

కాని ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఏ ఉపాయమూ పూర్తి హామీ ఇవ్వదు. అవతలి సర్వరు 250 అని తీసుకొన్నాక కూడా, దానిని స్పామ్ అరలో పడవేయవచ్చు. మనిషి ఆ అర చూడకపోవచ్చు. చిరునామా మన మనవడిది కావచ్చు, వాడు ఊళ్ళో లేకపోవచ్చు. పెద్దలకు రిజిస్టరు ఉత్తరం గుర్తుండే ఉంటుంది. రుసుము కట్టి గులాబీ రంగు అక్‌నాలెడ్జిమెంటు కార్డు కడితే, అవతలివారి సంతకంతో అది మన ఇంటికి తిరిగి వచ్చేది. 2025లో తపాలా శాఖవారు ఆ రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపివేశారు. కాని ఆ కార్డులోని నీతి మాత్రం పాతబడలేదు. ఉత్తరం చేరిందనటానికి సాక్ష్యం పుచ్చుకొన్నవారి సంతకమే గాని, పంపినవారి రసీదు కాదు.

అందుకని కార్యాలయంలో ఒక పద్ధతి పెట్టుకొన్నాము. గడువు ఉన్న ప్రతి మెయిలు చివర "అందినది అని ఒక్క మాట జవాబు రాయండి" అని వేస్తున్నాము. మామూలు రూళ్ళ పుస్తకంలో పేర్లు రాసి, జవాబు వచ్చినవారికి టిక్కు పెడుతున్నాము. రెండు రోజుల్లో జవాబు రానివారికి ఫోను. ఫోను ఎత్తనివారికి ఆ పేటలో ఉండే సభ్యుని ద్వారా కబురు. మొన్న ఒక కార్యకర్త, "చాచా, ఇన్ని సర్వర్లు సరిచేసి చివరికి రూళ్ళ పుస్తకమేనా?" అని నవ్వాడు. "బేటా, సర్వరు పని ఉత్తరం మోయటం. అందిందా లేదా అని అడగటం మన పని" అని మా కోశాధికారిగారు జవాబిచ్చారు. అంతకంటే బాగా మేము చెప్పలేము.

"వాట్సాప్ ఉండగా ఈ బాధంతా ఎందుకు?" అని కొందరు సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. తొందర కబుర్లకు మేమూ అదే వాడుతున్నాము. కాని కాలేజీ అడ్మిషన్లు, ఉద్యోగపు ఆర్డర్లు, పాస్‌పోర్టు కబుర్లు, బ్యాంకు కాగితాలు, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకు అక్కడి కంపెనీలు ఇచ్చే ఒప్పందాలు, ఇవి ఎక్కువగా ఈమెయిలులోనే నడుస్తున్నాయి. పదేళ్ళ తరువాత వెతికినా దొరికే రికార్డు అది. ఫోను పోతే కబుర్లు పోవచ్చు, సర్వరులో ఉన్న మెయిలు పోదు. 2013 జూలైలో టెలిగ్రాం మూతపడినప్పుడు, ఇక రాతతో పనేమున్నదని కొందరన్నారు. రాత పని పోలేదు, దారి మారింది. దారి మారినప్పుడు ఆ దారి లోటుపాట్లు తెలుసుకొని నడవటం మన వంతు.

ఇంటర్‌నెట్ కంపెనీవారితో మాట్లాడవద్దని మా ఉద్దేశం కాదు. ఫిర్యాదు చేయాలి, కాని పద్ధతిగా. "మెయిళ్ళు పోవటం లేదు" అంటే వారికి ఏమీ తెలియదు. ఫలానా తేదీ, ఫలానా టైముకు, ఈ చిరునామాకు పంపినది, మీ సర్వరు 250 అని చెప్పి ఈ వరుస నెంబరు ఇచ్చింది, అక్కడి నుండి ఇన్ని గంటలు ఆగింది అని ముద్రల పంక్తులు జతచేసి రాయాలి. మేము అట్లా రాసిన ఫిర్యాదుకు మూడవ రోజున ఇంజనీరు స్వయంగా ఫోను చేశారు. తమ సర్వరు నల్లజాబితాలో ఉన్నదని ఆయనే ఒప్పుకొన్నారు. కోపంతో అరిచినదానికంటే కాగితం మీద పెట్టినదానికి విలువెక్కువ.

చివరగా సభ్యులకు నాలుగు మనవులు. మీ చిరునామా మారినప్పుడు ఆ వారంలోనే కార్యాలయానికి తెలియజేయండి. సంఘం మెయిలు స్పామ్ అరలో కనబడితే, దానిని తెరచి "ఇది స్పామ్ కాదు" అని నొక్కండి. మీరు ఒక్కరు నొక్కినా మిగిలినవారికి దారి కొంత సుగమమవుతుంది. "అందినది" అన్న ఒక్క మాట రాయటానికి బద్ధకించవద్దు. ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలు నెలకొక ఆదివారం కార్యాలయానికి వస్తే, పేటలోని పెద్దల ఫోన్లలో మెయిలు ఖాతాలు సరిచూసి పెట్టే పని ఉన్నది. తాతకు మెయిలు తెరచి చదివి వినిపించటం కూడా సేవే.

వచ్చే విద్యార్థి సహాయం నోటీసు ఈ కొత్త దారిలోనే పోతుంది. పుస్తకంలో ఎన్ని పేర్లుంటే అన్ని టిక్కులు పడేదాకా మేము తలుపు మూయము. ఒక్క బిడ్డ ఫీజు కూడా ఏదో సర్వరు వరుసలో నిలబడి ఆగిపోకూడదు. దానికి మీ అందరి సహకారం కోరుతున్నాము.